ఇవాళ్టి అన్నానికి థాంక్స్: ఐలెన్‌బుర్గ్ పాస్టర్ రింకార్ట్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీ దగ్గర ఒక విషయం ఒప్పుకోవాలి.

2021 మే నెల గుర్తుందా? కరోనా సెకండ్ వేవ్. ఫోన్ మోగితే చాలు, గుండె జారిపోయేది. ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుంది, బెడ్ ఎక్కడ ఖాళీగా ఉంది, వాట్సాప్ గ్రూపుల నిండా ఇవే. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ టెస్ట్ చేయిస్తే, నెగెటివ్ వచ్చింది. నాకు ఆనందం ఆగలేదు. వెంటనే స్టేటస్ పెట్టేశాను. దేవుడు మా కుటుంబాన్ని కాపాడాడు, ఆయనకే స్తోత్రం అని. పక్కన దణ్ణం పెట్టే ఎమోజీ కూడా.

సాయంత్రం ఆ స్టేటస్ ఎవరెవరు చూశారో చూద్దామని లిస్ట్ తెరిచాను. అందులో నా ఫ్రెండ్ పేరు ఉంది. రెండు రోజుల కిందటే వాడి నాన్నగారు పోయారు. సమాధుల తోటలో నలుగురు కూడా లేరు. వాడు నా స్టేటస్ చూశాడు. ఏమీ అనలేదు. నేను స్టేటస్ తీసేశాను గానీ, వాడు చూసేశాడు కదా!

అప్పట్నుంచి నన్ను ఒక ప్రశ్న వదలట్లేదు. నేను థాంక్స్ చెప్పడం తప్పా? కాదు. కానీ అది వాడికి ఎలా వినిపించింది? "మమ్మల్ని కాపాడాడు, మీ నాన్నని వదిలేశాడు" అనే కదా! ఇవాళ మన చేతిలో ఉన్నదానికి, పక్కవాడి గాయం మీద కారం చల్లకుండా, దేవుడికి థాంక్స్ ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్నకి జవాబు నాకు ప్రసంగంలో దొరకలేదు. చరిత్రలో దొరికింది. ఇంచుమించు నాలుగు వందల ఏళ్ల కిందట, జర్మనీలో ఒక చిన్న ఊళ్లో, భోజనం ముందు చెప్పుకోవడానికి రాసిన ఒక చిన్న ప్రార్థనలో దొరికింది. పదండి, అక్కడికి వెళ్దాం.

ఆ ఊరి పేరు ఐలెన్‌బుర్గ్. శాక్సనీ ప్రాంతంలో, ముల్దె అనే నది ఒడ్డున ఉంటుంది. పెద్ద సిటీ అయిన లైప్‌జిగ్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలోనే. 1586లో ఆ ఊళ్లోనే చెక్కతో పీపాలు చేసుకుని బతికే ఒకాయన ఇంట్లో ఒక బాబు పుట్టాడు. పేరు మార్టిన్ రింకార్ట్. గొంతు బాగుండేది. లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ స్కూల్లో పాటల బృందంలో చేరి చదువుకున్నాడు. మ్యూజిక్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వందేళ్లు దాటాక అదే స్కూల్లో మ్యూజిక్ నేర్పడానికి వచ్చిన ఆయన పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఆయన మళ్లీ మన కథలోకి వస్తాడు.

రింకార్ట్ యూనివర్సిటీలో దైవశాస్త్రం చదివి, 1617లో సొంత ఊరికే పాస్టర్‌గా తిరిగొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లు. పుట్టిన ఊళ్లో సేవ, ఇష్టమైన పాటలు, చిన్న కుటుంబం. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా?

మరుసటి ఏడాదే, 1618లో, యుద్ధం మొదలైంది.

దీన్నే ముప్పై ఏళ్ల యుద్ధం అంటారు. ప్రాగ్ నగరంలో చక్రవర్తి తరఫు అధికారుల్ని కోట కిటికీలోంచి కిందికి విసిరేయడంతో రాజుకుంది. మొదట్లో క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల గొడవలా కనిపించింది. తర్వాత డెన్మార్క్, స్వీడన్, స్పెయిన్, ఫ్రాన్స్ అందరూ దిగారు. క్యాథలిక్ దేశమైన ఫ్రాన్స్, ప్రొటెస్టెంట్ స్వీడన్‌తో చేతులు కలిపింది. అంటే పైకి మతం, లోపల అధికారం. ఇది ఎక్కడైనా విన్నట్టుందా? ఉంటుంది.

ఆ కాలపు సైన్యాల గురించి ఒక్క విషయం తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది. వాళ్లకి జీతాలు సరిగ్గా అందేవి కావు, తిండి పంపే ఏర్పాటూ అంతంత మాత్రమే. ఏ ఊరి మీద పడితే ఆ ఊరి ధాన్యం, ఆ ఊరి పశువులు, ఆ ఊరి ఇళ్లు. మన సైన్యమా, శత్రు సైన్యమా అన్న తేడా రైతుకి తెలిసేది కాదు. ఇద్దరూ గాదె ఖాళీ చేసి పోయేవాళ్లే. అందుకే ఆ యుద్ధంలో కత్తికి బలైనవాళ్ల కంటే ఆకలికి, జబ్బులకి పోయినవాళ్లే ఎక్కువ.

ఐలెన్‌బుర్గ్ సరిగ్గా ఆ దారిలో ఉంది. 1631లో బ్రైటెన్‌ఫెల్డ్ యుద్ధం, 1632లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ చనిపోయిన లూట్సెన్ యుద్ధం, రెండూ లైప్‌జిగ్ దగ్గర్లోనే జరిగాయి. శాక్సనీ పాలకుడు 1631లో స్వీడన్ వైపు చేరాడు. 1635లో ఒప్పందం చేసుకుని మళ్లీ చక్రవర్తి వైపు తిరిగాడు. దాంతో నిన్నటిదాకా స్నేహితులైన స్వీడన్ సైనికులు రాత్రికి రాత్రే శత్రువులయ్యారు. రింకార్ట్ ఇంట్లో కూడా సైనికుల్ని దించేవాళ్లు. పాస్టర్ గారి ఇల్లు కదా అని మొహమాటం ఏమీ లేదు. దాచుకున్న కాస్త ధాన్యం, సామాన్లు ఎత్తుకుపోయేవాళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ రోజుల్లోనే, 1636 ప్రాంతంలో, ఆయన ఒక చిన్న పాట రాశాడు. జర్మన్‌లో "నున్ డాంకెట్ అల్లె గాట్" అంటారు. ఇంగ్లిష్‌లో 1858లో క్యాథరిన్ వింక్‌వర్త్ అనే ఆవిడ అనువాదం చేశాక "నౌ థాంక్ వి ఆల్ అవర్ గాడ్" అన్న పేరుతో ప్రపంచమంతా పాకింది. యూట్యూబ్‌లో కొడితే వెంటనే వస్తుంది. ట్యూన్ వినగానే "అరె, ఇది నాకు తెలుసే" అంటారు మీలో చాలామంది.

ఈ పాట గురించి సోషల్ మీడియాలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ప్లేగులో రోజుకి యాభై మందిని పాతిపెడుతూ, భార్యను కూడా పోగొట్టుకుని, ఆ కన్నీళ్లలోనే ఒక పాస్టర్ ఈ కృతజ్ఞత పాట రాశాడు అని. ఇంకో కథ, యుద్ధం ముగిసి శాంతి వచ్చిన ఆనందంలో రాశాడు అని. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. థంబ్‌నెయిల్‌కి ఇంకా బాగుంటాయి. కానీ చరిత్ర చూస్తే, పాట ముందు వచ్చినట్టుంది, ప్లేగు తర్వాత వచ్చింది. శాంతి అయితే ఇంకా పన్నెండేళ్ల దూరంలో ఉంది.

మరి ఆ పాట దేనికోసం రాశాడు? ఏ పండగకీ కాదు, ఏ విజయానికీ కాదు. దానికి ఆయన పెట్టిన పేరుకి అర్థం "భోజనం దగ్గర చెప్పే చిన్న ప్రార్థన". అంతే! పళ్లెం ముందు పిల్లలతో కూర్చుని చెప్పుకునే ప్రార్థన. మన ఇళ్లల్లో అన్నం తినే ముందు అమ్మ "కళ్లు మూసుకోండి" అంటుంది చూడండి, అదే.

దాని భావం మూడు ముక్కల్లో చెబుతాను. మొదటి చరణంలో హృదయంతో, నోటితో, చేతులతో దేవుడికి కృతజ్ఞత చెప్పమంటాడు. తల్లి ఒడిలో ఉన్నప్పట్నుంచి ఇదిగో ఇప్పటిదాకా ఆయన చేసిన మేళ్లకి అంటాడు. రెండో చరణంలో ఆయన్ని అడుగుతాడు. ఏమని? సంతోషంగా ఉండే మనసు, శాంతి. మూడో చరణం దేవుడి మహిమను పాడే స్తుతి.

పూర్తిగా ఆయన సొంత ఊహ కూడా కాదు ఇది. సీరా పుత్రుడైన యేసు రాసిన జ్ఞానగ్రంథంలో యాభయ్యో అధ్యాయం చివర వచ్చే మాటలే దీనికి ఆధారం. మన క్యాథలిక్ ఫ్రెండ్స్ బైబిల్లో ఆ పుస్తకం ఉంటుంది. ప్రొటెస్టెంట్ తెలుగు బైబిల్లో మామూలుగా ఉండదు. లూథర్ దాన్ని లేఖనాలతో సమానం కాదన్నాడు, కానీ చదవడం మంచిదే అన్నాడు.

ఆ మొదటి చరణంలో "ఇప్పుడు" అనే మాట ఉంది చూశారా? దాన్ని పట్టుకోండి. 1636లో ఐలెన్‌బుర్గ్‌లో "ఇప్పుడు" అంటే ఏంటి? దోపిడీ జరిగిన ఇల్లు. నడిమింట్లో సైనికులు. రేపు ఏ సైన్యం వస్తుందో తెలియని ఊరు. ఆ "ఇప్పుడు"లో ఒక తండ్రి పిల్లలకి ఏం నేర్పుతున్నాడు? "యుద్ధం అయిపోయాక థాంక్స్ చెబుదాం" అని కాదు. "ఇవాళ పళ్లెంలో రొట్టె ఉంది. దీనికి ఇవాళే చెబుదాం" అని.

సరే. మరుసటి ఏడాది 1637.

ఐలెన్‌బుర్గ్‌కి చుట్టూ ప్రహరీ గోడ ఉంది. అదే దాని అదృష్టం, అదే దాని దురదృష్టం. చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లు తగలబడిన జనం అంతా ప్రాణాలు కాపాడుకోవడానికి ఈ గోడల లోపలికి వచ్చేశారు. చిన్న ఊరు, ఇసకేస్తే రాలని జనం, తిండి లేదు, శుభ్రత లేదు. ప్లేగు వచ్చింది.

ఊళ్లో పాస్టర్లందరి మీద పెద్దగా ఉన్నాయన మంచి గాలి కోసమని ఊరు వదిలి వెళ్లాడు, తిరిగి రాలేదు. మిగిలినవాళ్లలో ఇద్దరు పాస్టర్లు ప్లేగుతోనే చనిపోయారు. వాళ్ల సమాధి కార్యక్రమం చేసింది రింకార్టే. ఇక ఊరంతటికీ మిగిలింది ఆయన ఒక్కడే. ఒక్కోరోజు నలభై, యాభై మందికి సమాధి ప్రార్థన చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆయన చేతుల మీదుగా జరిగిన సమాధులు 4,000కు పైనే. చివరికి ఒక్కొక్కరికీ విడిగా గుంట తీసే ఓపిక, మనుషులు లేక, పొడవుగా కందకాలు తవ్వి, అందరినీ కలిపి పాతిపెట్టేశారు.

మే నెలలో ఆయన భార్య కూడా పోయింది.

ఫ్రెండ్స్, 2021లో మనం చూసినదానితో పోల్చుకుంటే ఇది మనకి అర్థమవుతుంది. సమాధుల తోటలో పాస్టర్ గారు దూరంగా నిలబడి, మాస్కు వెనకనుంచి ప్రార్థన చెప్పడం చూశాం. అలాంటివి ఒకే రోజులో నలభై ఊహించుకోండి. అందులో ఒకటి సొంత భార్యది.

ప్లేగు తర్వాత కరువు. వీధిలో చచ్చిన పిల్లి కోసం, కాకి కోసం ముప్పై నలభై మంది కొట్టుకున్నారని రాసుకున్నారు. అప్పుడు రింకార్ట్ చేసిన పని చరిత్రలో నాకు బాగా నచ్చిన భాగం. తన కుటుంబానికి కనీసం ఎంత కావాలో అంత ఉంచుకుని, మిగతాది పంచేశాడు. గుమ్మం దగ్గర జనం. అది చాలక, రాబోయే కొన్నేళ్ల తన ఆదాయాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడు. పిల్లలకి బట్టలు, రొట్టె కూడా కష్టమయ్యేంత దాకా వెళ్లింది.

ఇంకోటి ఉంది. 1639లో స్వీడన్ సైన్యం వచ్చి ముప్పై వేల తాలర్లు కట్టమంది. తాలర్ అంటే ఆనాటి వెండి నాణెం. శవాల ఊరు, డబ్బెక్కడిది? రింకార్ట్ వాళ్ల శిబిరానికి వెళ్లి బతిమాలాడు. వినలేదు. తిరిగొచ్చి, మనుషుల దగ్గర దయ దొరకలేదు కాబట్టి దేవుడి దగ్గరికి పోదాం అని జనాన్ని చర్చికి తీసుకెళ్లి, పాట పాడించి, మోకరించి ప్రార్థన చేశాడట. చివరికి ఆ సైన్యాధికారి మెత్తబడి, రెండు వేలకి ఒప్పుకున్నాడని చెబుతారు.

ఇప్పుడు మళ్లీ ఆ పాట దగ్గరికి రండి. హృదయం, నోరు, చేతులు. ఇందాక నేను ఈ మూడూ చదివినప్పుడు మీరు కవిత్వం అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ 1637 చూశాక అది కవిత్వంలా అనిపించట్లేదు. చేతులతో థాంక్స్ చెప్పడం అంటే ఏంటో ఆయన చేసి చూపించాడు. ఊరు వదిలి పోకుండా ఉండటం. గుంట పక్కన నిలబడటం. ఉన్న రొట్టెని విరవడం.

నా స్టేటస్‌లో ఏం తక్కువైందో నాకు అప్పుడు తెలిసింది. హృదయం ఉంది. నోరు ఉంది. చేతులు లేవు.

ఆ రోజు నేను వాడి ఇంటికి వెళ్లలేకపోవచ్చు, లాక్‌డౌన్. కానీ ఒక ఫోన్ చేయొచ్చు. వాళ్లింటికి ఒక క్యారేజీ పంపొచ్చు. మా ఇంట్లో అందరూ బాగున్నారు కాబట్టి, వంట చేసే చేతులు ఉన్నాయి కాబట్టి. అది కదా థాంక్స్? నాకు ఆరోగ్యం దొరికింది అని లోకానికి చెప్పడం కాదు, ఆ ఆరోగ్యాన్ని ఇంకొకరి పనికి వాడటం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మనలో కొంతమంది, కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి "అన్నింటికీ దేవుడికి స్తోత్రం చెప్పండి, బైబిల్లో ఉంది కదా" అంటారు. ఒక్క నిమిషం. పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలో అన్నది ఏ పరిస్థితిలో ఉన్నా కృతజ్ఞతతో ఉండమని. ప్లేగు వచ్చినందుకు థాంక్స్ చెప్పమని కాదు, ప్లేగు రోజుల్లో కూడా థాంక్స్ చెప్పడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుందని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. కీర్తనల గ్రంథం తెరవండి, సగం ఏడుపే. "ఎందుకు ప్రభువా, ఎంతకాలం ప్రభువా" అనే ప్రశ్నలే. ఏడవడం, కృతజ్ఞత ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని కోసం ఇంకోదాన్ని చింపేయక్కర్లేదు.

యేసు ప్రభువు రొట్టె పట్టుకుని థాంక్స్ చెప్పిన రాత్రి ఏది? అప్పగించబడిన రాత్రి. తెల్లారితే సిలువ. ఆ రాత్రి బల్ల దగ్గర ఆయన చేతిలో ఏముంది? రొట్టె ఉంది, చుట్టూ శిష్యులు ఉన్నారు. దానికి థాంక్స్ చెప్పి, విరిచి, పంచాడు. అందుకే చాలా సంఘాల్లో ప్రభువు బల్లకి యూకరిస్ట్ అనే పేరు. గ్రీకులో ఆ మాటకి అర్థమే కృతజ్ఞత చెప్పడం. క్రైస్తవ విశ్వాసంలో కృతజ్ఞత పుట్టిన చోటే చూడండి: భోజనం బల్ల, కష్టమైన రాత్రి, విరిచే చేతులు.

పరలోక ప్రార్థనలో కూడా మనం అడిగేది ఇవాళ్టి ఆహారమే. వచ్చే నెలకి కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నాని ఏ రోజుకి ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకున్నది పురుగు పట్టిపోయింది. విశ్రాంతి దినం ముందు రోజు మాత్రమే రెండింతలు. ఇదంతా మనకి ఆదివారం బడి నుంచే తెలుసు. కానీ మనం ఎలా బతుకుతున్నాం? డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనందరం ఎదురుచూసేది దేనికి? కొత్త సంవత్సరం వాగ్దానం కార్డుకి. వచ్చే ఏడాది ఉద్యోగం వస్తుందా, పెళ్లవుతుందా, వీసా వస్తుందా. వాగ్దానం తప్పని నేను అనట్లేదు. కానీ మన కృతజ్ఞత మొత్తాన్ని రేపటికి వాయిదా వేసేసుకున్నాం. ఉద్యోగం వచ్చాక కృతజ్ఞతా కూడిక పెడదాం. ఇల్లు కట్టాక పెడదాం. అప్పటిదాకా?

ఒక చిన్న లెక్క చెబుతాను. రింకార్ట్ ఐలెన్‌బుర్గ్‌లో సేవ చేసింది 1617 నుంచి 1649 దాకా, ముప్పై రెండేళ్లు. యుద్ధం 1618లో మొదలై 1648 అక్టోబర్‌లో ముగిసింది. 1649 డిసెంబర్‌లో ఆయన చనిపోయాడు. అంటే శాంతి వచ్చాక ఆయన బతికింది ఏడాది, ఇంకొన్ని వారాలు. "అంతా సర్దుకున్నాక థాంక్స్ చెబుదాం" అని ఆగి ఉంటే, ఆయన జీవితం మొత్తంలో థాంక్స్ చెప్పడానికి మిగిలేది ఆ ఒక్క ఏడాదే.

తర్వాత ఆ పాటకి ఏమైందో కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే అక్కడ మనకి ఒక హెచ్చరిక ఉంది. 1647లో యోహాన్ క్రూగర్ పాటల పుస్తకంలో ఇవాళ మనం వింటున్న ట్యూన్‌తో వచ్చింది. బాఖ్ దాన్ని తన సంగీతంలో వాడాడు. 1840లో మెండెల్సన్ తన సింఫనీలో వాడాడు. ఇంతవరకు బాగుంది.

కానీ 1757 డిసెంబర్‌లో లాయ్‌తెన్ అనే చోట ప్రష్యా సైన్యం ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించింది. ఆ రాత్రి శవాల మధ్య, మంచులో, ప్రష్యా సైనికులు ఈ పాటే పాడారని ప్రసిద్ధి. అక్కడినుంచి అది జర్మనీలో విజయగీతం అయిపోయింది. 1914 ఆగస్టు 1న, మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యాన్ని కదిలిస్తున్నామన్న కబురు రాగానే, బెర్లిన్ రాజభవనం ముందు గుమిగూడిన జనం పాడింది కూడా ఈ పాటే. ఒక్కసారి ఆలోచించండి. సైనికులు దోచుకున్న ఇంట్లో, పిల్లల పళ్లెం ముందు పుట్టిన ప్రార్థన, యుద్ధానికి బయల్దేరే పాటైపోయింది.

పాట మారలేదు. ఒక్క మాట కూడా మారలేదు. మరి ఏం మారింది? రింకార్ట్ ఇంట్లో అది "మాకు ఇవాళ అన్నం దొరికింది" అనే థాంక్స్. బెర్లిన్‌లో అది "దేవుడు మా వైపు ఉన్నాడు" అనే థాంక్స్. మొదటిదానిలో చేతులు పంచడానికి చాపుతాం. రెండోదానిలో పిడికిలి బిగిస్తాం. అందుకే నా 2021 స్టేటస్ నన్ను ఇంకా గుచ్చుతుంది. చాలా చిన్న స్థాయిలో, అది కూడా "దేవుడు మా వైపు" అన్న పాటే.

కానీ పాట కథ అక్కడితో ఆగలేదు. 1955లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన పదేళ్లకి, సోవియట్ యూనియన్‌లో మిగిలిపోయిన జర్మన్ యుద్ధ ఖైదీల్లో చివరివాళ్లు ఫ్రీడ్‌లాండ్ శిబిరానికి తిరిగొచ్చారు. వాళ్లు, వాళ్ల కోసం ఎదురుచూస్తున్న జనం కలిసి ఈ పాట పాడారు. ఈసారి విజయం లేదు. ఓడిపోయిన దేశం, అరిగిపోయిన మనుషులు. ఎంతోమంది తల్లులు ఫోటోలు పట్టుకుని, "మావాణ్ణి ఎక్కడైనా చూశారా" అని అడుగుతున్నారు. పాట మళ్లీ తన ఇంటికి వచ్చింది అనిపిస్తుంది నాకు.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. ఎక్కడో జర్మనీ కథ, మనకేంటి సంబంధం? ఉంది. తెలుగులో అచ్చైన మొట్టమొదటి పుస్తకాలు ఎక్కడ అచ్చయ్యాయో తెలుసా? మద్రాసులో కాదు, రాజమండ్రిలో కాదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1746, 47 ప్రాంతంలో జర్మనీలోని హాలె నగరంలో అచ్చు వేయించాడు. హాలె కూడా లైప్‌జిగ్ పక్కనే. అంటే ఐలెన్‌బుర్గ్ నుంచి ఒక రోజో రెండు రోజులో నడిస్తే చేరే ఊళ్లో మన అక్షరాలు మొదటిసారి సీసంలోకి దిగాయి. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ గారు కూడా లూథరన్ పాస్టరే. గుంటూరు, రాజమండ్రి లూథరన్ సంఘాలు రింకార్ట్ సంప్రదాయానికి చుట్టాలే.

అంతకంటే దగ్గరి చుట్టరికం మన వంటింట్లో ఉంది. పిడికెడు బియ్యం. మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, పక్కన ఉన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ మందిరానికి వెళ్లేది. అక్కడినుంచి సంఘంలో లేనివాళ్ల ఇంటికి. పూటకొక పిడికెడు. బియ్యం తక్కువ ఉన్న రోజు కూడా. "మనకే లేదు కదా అమ్మమ్మా" అంటే, "ఇవాళ ఎసరు పెట్టుకున్నాం కదరా" అనేది. అప్పుడు నాకు అర్థం కాలేదు. కోత పండగలో మొదటి పన, గుమ్మడికాయ, కోడిపెట్ట తెచ్చి మందిరం ముందు పెట్టడం కూడా ఇదే. మన పల్లె సంఘాలకి కృతజ్ఞత అంటే చేతిలో పట్టుకుని తెచ్చే వస్తువు.

సరే, మరి ఇప్పుడు మనం ఏం చేద్దాం? పెద్ద చాలెంజ్ ఏమీ ఇవ్వను. మూడే పనులు.

రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోన్ బోర్లించి పెట్టండి. పళ్లెంలో ఏముందో చూడండి. ఎదురుగా ఎవరున్నారో చూడండి. ఆ రెండింటి పేరు పెట్టి థాంక్స్ చెప్పండి. "అన్నింటికీ స్తోత్రం" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. "ఈ పప్పుకి, నైట్ షిఫ్ట్ నుంచి ఇంటికి చేరిన అన్నయ్యకి" అని చెప్పండి. అది నోరు.

తర్వాత, ఆ రోజు మీకు దొరికినదాంట్లోంచి ఒక పిడికెడు బయటికి వెళ్లాలి. బియ్యమే కానక్కర్లేదు. ఒక ఫోన్ కాల్, ఒక క్యారేజీ, హాస్పిటల్ దగ్గర ఒక గంట తోడు. అది చేతులు.

మరి హృదయం? అది కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుందండి. ముందు నోరు, చేతులు పని మొదలుపెడితే, అది వెనకాల నడిచి వస్తుంది. రాని రోజు ఉంటే కంగారు పడకండి. భార్యని పాతిపెట్టిన రోజు రింకార్ట్ నవ్వుతూ ఉన్నాడని ఎవరూ అనరు. కానీ మర్నాడు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాడు.

నా ఫ్రెండ్ సంగతి చెప్పకుండా ముగించలేను. ఈ ఎపిసోడ్ రాసుకునేటప్పుడు వాడికి ఫోన్ చేశాను. ఆ స్టేటస్ గుర్తుందా అని అడిగాను. గుర్తుంది అన్నాడు. సారీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆదివారం నాన్న జ్ఞాపకార్థ కూడిక ఉంది, రారా, వంట దగ్గర మనుషులు తక్కువున్నారు" అన్నాడు.

వెళ్తున్నాను. ఉల్లిపాయలు కోసే పని నాది.

ఉంటాను ఫ్రెండ్స్. ఇవాళ మీ పళ్లెంలో ఏముందో, దేనికి థాంక్స్ చెప్పారో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.